మేడ మీద గొంతు

మొన్న మా అమ్మాయి కాలేజీ సెలవులకి ఇంటికొచ్చి, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక ప్రశ్న వేసింది. వాళ్ళ హాస్టల్లో పిల్లలంతా కూర్చుని, వీడియో గేముల్లో ఏ రాక్షసుడు ఎక్కువ భయంకరమో తేలుస్తున్నారట. రెండు జట్లుగా విడిపోయారట, ఒకరితో ఒకరికి మాటల్లేవట. "నువ్వూ మావయ్యా తెగ ఆడేవాళ్ళుగా నాన్నా, నీకు అన్నిటికన్నా దేన్ని చూస్తే భయమేసింది?" అంది. మూడు తలల దున్న అని చెప్పా. మా ఆవిడ పప్పు వడ్డిస్తున్నదల్లా గరిటె ఒక్క క్షణం ఆపి, మళ్ళీ వడ్డించింది. నేను చెప్పింది అబద్ధమని ఆవిడకి తెలుసు. ఎలా తెలుసో చెప్పాలంటే ముందు మా బావమరిది సంగతి చెప్పాలి.

నాకు జగ్గయ్యపేటలో స్టీలు సామాన్ల కొట్టు. మా బావమరిదికి నందిగామలో ఎలక్ట్రికల్ షాపు. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు, నాకన్నా ఆరేళ్ళు చిన్న. పెళ్ళయిన కొత్తలో నా దగ్గర నిలబడి మాట్లాడ్డానికి కూడా మొహమాటపడేవాడు. మమ్మల్ని కలిపింది గేములే. నేను నలభై దగ్గర పడుతున్న రోజుల్లో అతను ఒక పెద్ద టీవీ, దానికి తగిలించే గేముల పెట్టె కొని వాళ్ళింటి మేడ మీద గదిలో పెట్టాడు. "ఒక్కసారి చూడు బావా" అన్నాడు. చూశా. ఆ తర్వాత నాలుగేళ్ళపాటు ఆదివారం వచ్చిందంటే బండి తీసి, చిల్లకల్లులో ఒక టీ తాగి, పదకొండింటికల్లా నందిగామలో ఉండేవాణ్ణి. మా అత్తగారు ప్రతి వారం గుమ్మంలోనే అడిగేవారు, "అల్లుడుగారూ, ఇవ్వాళ ఎవర్ని చంపుతారు?" అని. అడిగి, జంతికల డబ్బా చేతికిచ్చి పైకి పంపేవారు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ మేమిద్దరం కనపడకపోతే, మేడ మీద రాక్షసులతో ఉన్నారని చుట్టాలకి చెప్పడం మా ఆవిడకి అలవాటైపోయింది.

మేం ఆడింది తక్కువ, వాదించుకుంది ఎక్కువ. ఏది భయంకరం అన్నదే ఎప్పుడూ గొడవ. అతనిది కొలతల వ్యవహారం. ఎంత ఎత్తు, ఎన్ని కోరలు, ఎన్ని దెబ్బలకి చస్తుంది. ఆ లెక్కన మూడు తలల దున్న అతనికి మొదటిది. ముక్కుల్లోంచి పొగ వదులుకుంటూ, పెళ్ళివారిని కుక్కుకున్న షేర్ ఆటోలాగా ఊగుతూ వచ్చేది. దాని చేతిలో మేం ఎన్నిసార్లు చచ్చామో లెక్కలేదు. నాకు మాత్రం దాన్ని చూస్తే నవ్వొచ్చేది. వచ్చేది కనపడుతుంటే, చేతిలో కత్తి ఉంటే, ఇంక భయం దేనికి? నన్ను భయపెట్టేవి చప్పుళ్ళు. ఒక ఆటలో తడిసిన గోనెసంచీలాంటిది ఒకటి ఉండేది. మొహం లేదు, కాళ్ళు లేవు. నేలమీద ఈడ్చుకుంటూ వచ్చే చప్పుడు తప్ప దాని దగ్గర ఇంకేం లేదు. మేం దానికి తడిగోనె అని పేరు పెట్టాం. "కరవదు, కొట్టదు, దానికెందుకు బావా హడలిపోతావ్?" అనేవాడు అతను. వస్తున్నట్టు తెలుస్తుంది, ఎటునుంచో తెలీదు, అందుకూ అనేవాణ్ణి. ఇంకో ఆటలో మెట్ల మీద వెనక్కి తిరిగి నడిచే ముసలాయన గురించి అయితే ఒక పూటంతా వాదించుకున్నాం. కింద నుంచి మా అత్తగారు అన్నానికి రమ్మని మూడుసార్లు కేకేసి, చివరికి కూర చల్లారిపోయిందని ఆవిడే పైకొచ్చారు.

ఈ కబుర్లని వీడియోలు చేసి ఇంటర్నెట్లో పెడదామన్న ఆలోచన అతనిదే. ఒక్కో వీడియోలో ఒక్కో రాక్షసుడు, తెలుగులో. మొదట్లో ఫోను పట్టుకుని తీసింది నేనే. చేతులు వణక్కుండా ఉండాలని మోచేతుల కింద తలగడలు పెట్టుకునేవాణ్ణి. చూసేవాళ్ళు పదిమంది కూడా లేరు. అందులో మా అమ్మాయి ఒకతి. అయినా అతను మానలేదు. షాపు మూసి వచ్చి, చొక్కా మార్చుకుని, జుట్టు దువ్వుకుని కూర్చునేవాడు. ఆ పట్టుదల చూస్తే నాకు ముచ్చటేసేది.

ఒక వానాకాలం ఆదివారం కొత్త ఆట మొదలుపెట్టాం. పాత రెండంతస్తుల ఇల్లు. మనం కింద గదుల్లో తాళంచెవులు వెతుక్కుంటూ ఉంటాం. కాసేపటికి మేడ మీద నుంచి ఒక ఆడమనిషి గొంతు మన పేరు పెట్టి పిలుస్తుంది. నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, తల్లి పిలిచినట్టు. ఆ మనిషి కిందికి రాదు, వెంటపడదు. పిలుస్తుంది, అంతే. వెళితే ఏమవుతుందో వెళ్ళకపోతే ఏమవుతుందో మనకి చెప్పరు. ఆట మొదట్లో పేరు అడిగినప్పుడు మా బావమరిది సరదాకి నా పేరు కొట్టాడు. తెర మీద ఆ పేరు, పైన ఆ గొంతు. మూడోసారి పిలిచేసరికి నా చేతిలో ఉన్న గేము రిమోటు కింద పెట్టేశా. అతను ఆట ఆపేసి, "ఏంటి బావా, ఒంట్లో బాలేదా?" అన్నాడు.

అప్పుడు చెప్పా. అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి. నాకు పద్నాలుగేళ్ళప్పుడు అరచేతిలో పట్టే ఇటుకల ఆట ఒకటి కొనిపెట్టాడు మా నాన్న. పైనుంచి ఇటుకలు రాలుతుంటాయి, వరసల్లో పేర్చాలి. ఒక మధ్యాహ్నం అమ్మ జ్వరంతో పెరటి గదిలో పడుకుని ఉంది. నేను ముందు గదిలో ఆడుకుంటున్నా. మంచినీళ్ళిమ్మని పిలిచింది. వస్తున్నా అన్నా. మళ్ళీ పిలిచింది. విననట్టు ఊరుకున్నా. మూడోసారి పిలిచినప్పుడు గొంతులో విసుగు కూడా లేదు. ఆ తర్వాత బిందె పడ్డ చప్పుడైంది. అప్పుడు కూడా ఆట అయిపోయేదాకా లేవలేదు. వెళ్ళేసరికి అమ్మ గడప దగ్గర పడి ఉంది. తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత పోయేదాకా, పంతొమ్మిదేళ్ళు, చేతికర్రతోనే నడిచింది. అడిగినవాళ్ళందరికీ కాలు జారిందని చెప్పింది. నేనూ అదే చెప్పా.

మా బావమరిది నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ మాట ఈ గది దాటదు బావా" అన్నాడు. నేను అడక్కుండానే అన్నాడు. ఆ సాయంత్రం వానలో తడుస్తూ ఇంటికొస్తుంటే, ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టే ఉంది. ఇలాంటి మనిషి దొరికినందుకు అదృష్టవంతుణ్ణి అనుకున్నా కూడా.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున నేను కొట్టుకి బయల్దేరుతుంటే మా అత్తగారు ఫోన్ చేశారు. మా ఆవిడ స్పీకర్లో పెట్టింది. "ఇదేం చోద్యమే, పొద్దుట్నుంచీ ఇద్దరొచ్చి నా తుంటి ఎలా ఉందని అడిగారు. పక్కింటావిడ నొప్పులకి తైలం కూడా తెచ్చింది. నా తుంటికేమైంది? తమ్ముడు ఏదో వీడియోలో చెప్పాడంట, నీకేమైనా తెలుసా?" అన్నారు. మా ఆవిడ నవ్వుతూనే ఫోన్లో ఆ వీడియో పెట్టింది. నేనూ పక్కన నిలబడి చూశా. అన్నిటికన్నా భయంకరమైనవి పది, అందులో మొదటిది మేడ మీద గొంతు. ఎందుకు భయమో చెబుతున్నాడు. అతనికి పద్నాలుగేళ్ళట. ఇటుకల ఆటట. వాళ్ళమ్మ జ్వరంతో పిలిచిందట. బిందె కూడా పడింది. పంతొమ్మిదేళ్ళ చేతికర్ర కూడా ఉంది. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

మా ఆవిడ మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూళ్ళేదు. వీడియో అయిపోయాక ఫోను పక్కన పెట్టి, "ఇది అత్తయ్యగారు కదండీ" అంది. నేను తలూపా. "వాడికి చెప్పారు" అంది. అది ప్రశ్న కాదు. "ఏడేళ్ళు ఆ కాలికి నూనె రాశాను నేను. నాకు చెప్పలేదు." ఇంకేం అనకుండా లోపలికెళ్ళి ఉతికిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఉతికినవి అయిపోయాక, బీరువాలో మడత పెట్టి ఉన్నవి కూడా తీసి మళ్ళీ మడతపెట్టింది.

కొట్టు తెరవకుండా నేరుగా నందిగామ వెళ్ళా. షాపులో ఎవరికో సీలింగ్ ఫ్యాను చూపిస్తున్నాడు. నన్ను చూడగానే మొహం వెలిగింది. "చూశావా బావా? వేలమంది చూశారు" అన్నాడు. వచ్చినాయన ఫ్యాను రేపు తీసుకుంటానని వెళ్ళిపోయేదాకా ఆగా.

"గది దాటదన్నావు" అన్నా.

"నీ పేరు చెప్పలేదుగా బావా. నీకు మాట రాకూడదనే నాదని చెప్పా."

"మా అమ్మని మీ అమ్మని చేశావు."

"ఒక్కసారి ఈ కామెంట్లు చూడు" అని ఫోను నా చేతిలో పెట్టాడు. "మైలవరం నుంచి ఒకాయన రాశాడు చూడు, వాళ్ళ నాన్న ఫోన్ చేస్తే ఎత్తలేదంట. ఎంతమంది రాశారో. వీళ్ళందరికీ గుండె బరువు దిగింది బావా. అది మంచి పని కాదా?"

చదివా. నిజంగానే మనసులోంచి రాసినవి. ఆ మనుషుల మీద నాకు కోపం రాలేదు. వాళ్ళకి మేలు జరిగిందేమో కూడా. కానీ నన్ను లోపల కోస్తున్నది వేరే ఉంది, అది అడిగా. "మూడోసారి పిలిచినప్పుడు నువ్వు ఆట పడేసి పరుగెత్తావని చెప్పావు. అప్పటికే ఆలస్యమైపోయిందన్నావు. నేను పరుగెత్తలేదు. నీకు చెప్పాగా, ఆట అయిపోయేదాకా లేవలేదని."

తల దించుకున్నాడు. "అది చెబితే జనం తిడతారు బావా" అన్నాడు నెమ్మదిగా.

నా తప్పు తీసుకెళ్ళి, అందులో అసలు తప్పుని ఏరి పారేసి, మిగిలినదానికి జనం చేత అయ్యో అనిపించుకున్నాడు. దాస్తాడని నమ్మి ఇచ్చినవాణ్ణి నేను. తిట్లు పడాల్సినచోట నా కథలో ఒక మంచి పిల్లాడు నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఫోను కౌంటర్ మీద పెట్టి బయటికొచ్చా. వెనక నుంచి "తీసేస్తా బావా" అన్నాడు. రెండ్రోజుల్లో తీసేశాడు కూడా. అప్పటికే అది ఎవరెవరి ఫోన్లలోకో వెళ్ళిపోయింది. మా అత్తగారిని మాత్రం ఏడాది పొడుగునా పెళ్ళిళ్ళలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆవిడ మొదట్లో విసుక్కుని, తర్వాత కుర్చీ బాగుందని ఊరుకున్నారు.

ఇంట్లో మాత్రం చాలా రోజులు మాటలు అవసరం మేరకే. అన్నం పెట్టనా, కరెంటు బిల్లు కట్టారా, అంతవరకే. అతను నాకేం చేశాడో, నేను ఆవిడకి అదే చేశానని ఆ రోజుల్లోనే అర్థమైంది. నమ్మాల్సిన మనిషిని పక్కన పెట్టుకుని, మాట తీసుకెళ్ళి ఇంకెక్కడో పెట్టా. ఆ సంగతి ఒప్పుకోవడానికి కూడా నాకు నోరు రాలేదు. ఒక మధ్యాహ్నం నేను కొట్టు నుంచి భోజనానికొస్తే ఆవిడే అడిగింది, "అత్తయ్యగారికి తెలుసా, మీరు విని కూడా రాలేదని?"

"తెలీదనుకుంటా. ఎప్పుడూ అడగలేదు."

మా ఆవిడ మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. "తెలుసండీ. మన పెళ్ళయిన ఏడాది, నూనె రాస్తుంటే ఎలా పడ్డారత్తయ్యా అని అడిగా. వాడు ఆటలో ఉన్నాడమ్మా, చిన్నపిల్లాడు, అని ఊరుకున్నారు. పక్కింటి పిల్లల సంగతేమో అనుకున్నా. మీ గురించని నాకెలా తెలుస్తుంది?"

అన్నం కలిపిన చెయ్యి అలాగే ఎండిపోయేదాకా కూర్చున్నా. ఆవిడ లేచి వెళ్ళలేదు. ఆ పూట అంతా, మొదటి పిలుపు దగ్గర్నుంచి, ఏదీ తీసెయ్యకుండా ఆవిడకి చెప్పా. మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. చివర్లో, "నాకు ముందే చెప్పి ఉంటే, ఆవిడకి తెలుసన్న సంగతి ఆవిడుండగానే మీకు చెప్పేదాన్ని" అంది.

మా బావమరిదితో ఇప్పుడు తగవేం లేదు. పండక్కి బట్టలు పెట్టుకుంటాం, వానల గురించీ హైవే మీద ట్రాఫిక్ గురించీ మాట్లాడుకుంటాం. అతని వీడియోలు చాలామంది చూస్తారట, నేను చూడను. ఒకసారి మేడ మెట్ల దగ్గర నిలబడి, "పైకి రా బావా, కొత్తదొకటి తెచ్చా" అన్నాడు. మోకాళ్ళు నొప్పులన్నా. ఇద్దరికీ తెలుసు నా మోకాళ్ళు బాగానే ఉన్నాయని. ఏళ్ళు గడిస్తే అన్నీ సర్దుకుంటాయని నేనూ అనుకునేవాణ్ణి. కొన్ని సర్దుకున్నాయి. కొన్నిటి మీదుగా మాత్రం ఏళ్ళు నడుచుకుంటూ వెళ్ళిపోయాయి, అంతే.