తాలని చెరిగేసిన తొమ్మిది నిమిషాలు

లైల్ బెటన్‌కోర్ట్‌కి కోపం వచ్చిందంటే బర్బ్యాంక్‌లో ఎవరూ కంగారుపడరు. ఏ రోజైనా రాకపోతే అప్పుడు పడతారు, మనిషికి ఒంట్లో బాగాలేదేమోనని. సిటీ బస్సుల షెడ్డులో ముప్పై నాలుగేళ్ళు ఇంజన్లు విప్పి బిగించి రెండేళ్ళ కిందటే రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆయన ఇంట్లో ఆయనతోపాటు కాపురం ఉన్నదల్లా ఒక పగ. ఆ పగ ఒక గ్రామఫోన్ రికార్డు మీద.

1974లో 'స్పిల్‌వే' అనే సినిమా వచ్చింది. ఆ రోజుల్లో ఏడాదికో ప్రళయం తెరమీదికి వచ్చేది. జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్ళి మునిగిపోయేవాళ్ళు, కాలిపోయేవాళ్ళు, సాయంత్రానికి ఇంటికొచ్చి భోంచేసేవాళ్ళు. ఈ సినిమాలో లోయ మీది ఆనకట్ట తెగి, కింద ఉన్న పెద్ద హోటలు మునుగుతుంది. సంగీతం బెర్నాట్ కోలర్ అనే ఆయన కట్టాడు. ఆనకట్ట తెగబోయే ముందు నాలుగు నిమిషాలు తెర మీద ఎవరూ మాట్లాడరు. గోడ మీద సన్నటి తడి గీత పాకుతూ ఉంటుంది, పన్నెండు చెల్లోలు, అంటే నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్లు, మంద్రంగా మోగుతూ ఉంటాయి. ఇరవై ఆరేళ్ళ లైల్ ఆ నాలుగు నిమిషాలూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. మర్నాడే దుకాణానికి పరిగెత్తి రికార్డు కొన్నాడు. అట్ట మీద 'సినిమాలోని అసలు సంగీతం' అని బంగారు అక్షరాలతో అచ్చేశారు.

లోపల ఉన్నది ముప్పై నిమిషాలు. ప్రేమపాట రెండుసార్లు ఉంది, ఒకసారి గొంతుతో, ఒకసారి గొంతు లేకుండా. ఆనకట్ట వరసకి చిటికెలూ డ్రమ్ములూ కలిపి డాన్సు చేసుకోమన్నారు. చెల్లోలు లేవు. ఇంకా దారుణమేమిటంటే, ఆ ముప్పై నిమిషాలైనా సినిమా కోసం వాయించినవి కావు. సినిమా పూర్తయ్యాక రికార్డు కోసం రెండు రోజుల్లో మళ్ళీ వాయించి చేతులు దులుపుకున్నవి.

"అట్ట మీద అబద్ధం అచ్చేసి అమ్ముతారా? మనం ఏమన్నా చెవుల్లో పువ్వులు పెట్టుకుని తిరుగుతున్నామా?" అని ఆ రోజు మొదలుపెట్టినవాడు ముప్పై ఏడేళ్ళయినా ఆపలేదు.

లైల్ ఊరికే తిట్టి ఊరుకునే రకం కాదు. ఇంజన్ పని చేసినవాడు గదా, ముందు లెక్క తేలాలన్నాడు. ఒక గడియారం, ఒక చిన్న టార్చిలైటు, ఒక పచ్చ అట్ట నోటుపుస్తకం పట్టుకుని అదే సినిమాకి పదిహేడుసార్లు వెళ్ళాడు. ఏ సన్నివేశంలో సంగీతం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో సెకన్లతో సహా రాసుకున్నాడు. టార్చిలైటు కళ్ళల్లో పడుతోందని పక్కవాళ్ళు గొడవచేస్తే మేనేజరు రెండుసార్లు బయటికి పంపించాడు. లెక్క తేలింది. సినిమాలో సంగీతం అరవై ఎనిమిది నిమిషాలు. అది ఎక్కడో టేపుల మీద ఉండి తీరాలి. అప్పటినుంచి ప్రతి జనవరి మొదటి వారంలో స్టూడియోకి ఒక ఉత్తరం, మొత్తం సంగీతం విడుదల చెయ్యమని. టేపులు లేవని ఒకసారి, అలాంటి ఉద్దేశం లేదని ఒకసారి జవాబొచ్చింది. ఒక ఏడాది జవాబు 'కుమారి లైల్ గారికి' అని వచ్చింది. ఆ కాగితాన్ని ఆయన అద్దం కట్టించి వంటింట్లో తగిలించుకున్నాడు, కోపం చల్లారకుండా ఉండడానికి.

ఇలాంటి పిచ్చివాళ్ళు ఇంకొందరున్నారు. మాగ్నోలియా వీధిలో రొవీనా టిస్‌డేల్ కాఫీ హోటల్లో శనివారం పొద్దున కిటికీ పక్క బల్ల వాళ్ళది. పళ్ళ డాక్టరుగా రిటైరైన నార్బర్ట్‌ది భవనాలు తగలబడే సినిమాల పక్షం. గుడ్లూ వేయించిన బంగాళాదుంపలూ చల్లారిపోతుండగా, ఏ సినిమాలో ఏ ముక్క ఇంకా బయటికి రాలేదో వాదించుకునేవాళ్ళు. రొవీనా కాఫీ పోస్తూ వినేది. ఇరవై ఏళ్ళుగా వింటూనే ఉంది.

ఆ బల్ల దగ్గర ఒక శాస్త్రం ఉంది. సినిమా కోసం వెనక నుంచి వాయించినదే సంగీతం. తెర లోపల రేడియోలో వచ్చేదీ, పార్టీలో బ్యాండు వాయించేదీ లెక్కలోకి రాదు. లైల్ దానికి 'తాలు' అని పేరు పెట్టాడు. "చేటలో పోసి చెరిగితే ఎగిరిపోయేది" అనేవాడు.

ఎప్పుడో ఒకసారి, పదేళ్ళ పైమాటే, రొవీనా కాఫీ కూజా పట్టుకుని, "మా ఆయన కూడా ఉన్నాడు మీ స్పిల్‌వేలో" అంది.

"ఈ ఊళ్ళో సినిమాలో లేనిదెవరి మొగుడమ్మా?" అన్నాడు లైల్. బల్లంతా ఘొల్లుమంది. సినిమా స్టూడియోల ఊరు గదా, బర్బ్యాంక్‌లో ఆ మాట నిజమే. మా మామయ్య ఫలానా సినిమాలో శవంగా పడుకున్నాడని చెప్పని ఇల్లుండదు. రొవీనా కూడా నవ్వి, పక్క బల్లకి వెళ్ళిపోయింది.

2011 వేసవిలో గస్ పెట్రాకిస్ ఫోన్ చేశాడు. ఒక గదిలో కూర్చుని పాత సినిమాల సంగీతాన్ని పదిహేను వందల డిస్కుల చొప్పున అచ్చువేసే మనిషి.

"లైల్, కుర్చీలో కూర్చున్నావా? టేపులు దొరికాయి."

గిడ్డంగిలో ఏదో హాస్య నాటకం పేరున్న డబ్బాల్లో ముప్పై ఏడేళ్ళు పడి ఉన్నాయట. లోపలి టేపుల మీద అంకెలు తప్ప సన్నివేశాల పేర్లు లేవు. ఏది ఎక్కడిదో చెప్పగలిగింది లోకంలో ఒక్కటే, లైల్ పచ్చ నోటుపుస్తకం. లైల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. చెల్లోలు మొదలవగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

చిక్కల్లా చివర్లో వచ్చింది. స్టూడియో ఒక్క డిస్కుకే అనుమతి ఇచ్చింది, డిస్కులో ఎనభై నిమిషాలకి మించి పట్టదు. అసలు సంగీతం అరవై ఎనిమిది నిమిషాలు. పేర్లు పడేటప్పుడు వచ్చే ముక్కని కోలర్ మూడు రకాలుగా వాయించి చూశాడు. సినిమాలో వాడని ఆ రెండు రకాలూ కలిపి ఆరు నిమిషాలు. ఇవి కాక మిగిలిన ఒక్క టేపు హోటల్ రెస్టారెంటు బ్యాండుది, దాని మీది అంకె ప్రకారం తొమ్మిది నిమిషాలు.

"అన్నీ కలిపితే ఎనభై మూడు. ఏదో ఒకటి పోవాలి. నువ్వే చెప్పు, పెద్దమనిషివి" అన్నాడు గస్.

లైల్ క్షణం కూడా ఆలోచించలేదు. "ఇందులో చెప్పేదేముంది? రెస్టారెంటు తాలు. తీసి పారెయ్. దాన్ని యంత్రానికి ఎక్కించి నీ టైమెందుకు దండగ చేసుకుంటావు?"

గస్ ఆ టేపుని యంత్రానికి ఎక్కించకుండానే డబ్బాలో పెట్టేశాడు.

అక్టోబరులో డిస్కులొచ్చాయి. అమ్మకానికి పెట్టిన రోజే పదిహేను వందలూ అయిపోయాయి. ఆ శనివారం కిటికీ పక్క బల్ల దగ్గర పెళ్ళివారి సందడి. లైల్ నవ్వాడు. నార్బర్ట్ ఆ నవ్వుకి ఫొటో తీశాడు, మళ్ళీ దొరకదని.

రొవీనా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఏప్రన్ జేబులోంచి ఆమె కూడా ఒక డిస్కు తీసింది, ఇంకా చుట్టిన పొర కూడా విప్పలేదు. అమ్మకం మొదలైన నిమిషంలోనే కొనుక్కుందట.

"నువ్వూ కొన్నావా!" అన్నాడు లైల్ ఉబ్బిపోయి.

"కొనకపోతే ఎలా? సరేగాని, రెస్టారెంటులో బ్యాండు వాయిస్తుంది చూడు, గ్లాసుల్లో నీళ్ళు వణుకుతున్నా ఆపకుండా వాయిస్తారే, అది ఇందులో ఎన్నో నంబరు? ముందు అదే వింటాను."

"అదా? అది ఇందులో లేదు."

"లేకపోవడమేమిటి? మొత్తం అన్నారుగా."

"మొత్తమే. అది సంగీతం కిందికి రాదు రొవీనా. తెర లోపల..."

"తాలు, అంతేగా?" అంది రొవీనా. గొంతు పెరగలేదు, కానీ పక్క బల్లలవాళ్ళు ఫోర్కులు దించారు. "దాంట్లో పియానో మా ఆయనది. వెర్నన్ జీవితమంతా బేకరీ బండి తోలాడు. ఒక్క పొద్దున పిలిచి, ఒక్క పొద్దున కూర్చోబెట్టి వాయింపించారు. ఆయన వాయించింది ఇంకెక్కడా లేదు. పోయి తొమ్మిదేళ్ళయింది. సినిమా పెట్టుకుని వింటే దాని మీద ఆ లావుపాటి ఇంజనీరు మూడు నిమిషాలు సిమెంటు గురించి వాగుతాడు, తర్వాత వాడి పెళ్ళాం ఏడుస్తుంది. ఆ మాటలు లేకుండా ఒక్కసారి వినాలని ముప్పై ఏడేళ్ళుగా చూస్తున్నాను. మీకంటే ఏం తక్కువ నేను?"

"చోటు లేదమ్మా. ఎనభై నిమిషాలే పడుతుంది" అన్నాడు లైల్. ఆయనకీ వేడెక్కింది. "నేనేం చెయ్యను?"

రొవీనా డిస్కు వెనక్కి తిప్పి, కళ్ళజోడు పైకి తోసుకుని చదివింది. "పేర్లు పడేటప్పటి సంగీతం. కింద మళ్ళీ అదే. దాని కింద మళ్ళీ అదే. ఒకే ముక్క మూడుసార్లు పెట్టుకోడానికి చోటుంది గానీ, మా ఆయనకి ఒక్కసారి కూడా లేదా? ఎవరు తీసేశారయ్యా? స్టూడియోవాళ్ళా?"

బల్ల దగ్గరున్నవాళ్ళంతా లైల్ వైపు తిరిగారు.

"కంచే చేను మేసిందన్నమాట" అని గొణిగాడు నార్బర్ట్.

"నువ్వు నోరు ముయ్!" అని అరిచాడు లైల్.

"ఆయన్నెందుకు అరుస్తావు? ఇరవై ఏళ్ళు ఈ బల్ల దగ్గర కూర్చుని కత్తిరించారు, కత్తిరించారు అని నా చెవులు చిల్లులు పొడిచావు. కత్తెర నీ చేతికొచ్చిన మొదటి రోజే చూపించావుగా!" అని రొవీనా వంటగదిలోకి వెళ్ళిపోయింది. డిస్కు బల్ల మీదే ఉండిపోయింది, పొర విప్పకుండా.

లైల్ ఇంటికి నడిచినంతసేపూ రొవీనా మీద కోపం. శాస్త్రం తెలియని మనిషి. లోకంలో ఎవరన్నా ఒప్పుకుంటారా? ఇల్లు చేరి డిస్కు తిప్పి చూశాడు. వెనక అట్ట మీద 'మొట్టమొదటిసారిగా సంపూర్ణ సంగీతం' అని ఉంది. ఆ కిందే 'శ్రీ లైల్ బెటన్‌కోర్ట్ సహకారంతో' అని ఉంది. రెండు వాక్యాల మధ్య అంగుళం ఎడం కూడా లేదు. ఆయన పాత రికార్డు తీసి దాని పక్కన పెట్టాడు. బంగారు అక్షరాల అబద్ధం ఒకటి, నల్ల అక్షరాల అబద్ధం ఒకటి. రెండోదాని కింద తన పేరు.

పచ్చ నోటుపుస్తకం తెరిచాడు. నలభై ఒక్క ముక్కలు సెకన్లతో సహా ఉన్నాయి. రెస్టారెంటు దగ్గర అంకెల్లేవు, అడ్డగీత కొట్టి 'తాలు' అని తన చేతిరాతే. పదిహేడుసార్లు ఆ సినిమాకి వెళ్ళి, పదిహేడుసార్లూ ఆ తొమ్మిది నిమిషాల్లో బయటికెళ్ళి సిగరెట్టు కాల్చుకున్నాడు. సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి స్టూడియోవాళ్ళెవరూ దొరకలేదు. వంటింట్లో అద్దంలోని 'కుమారి లైల్' కూడా వెక్కిరిస్తున్నట్టే ఉంది.

సోమవారం గస్ దగ్గరికి వెళ్ళి నిలదీశాడు. "ఆ టేపు ఎక్కించు. నాకొక్క కాపీ ఇయ్యి చాలు."

"టేపులన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి లైల్. ఒప్పందం అది. రెస్టారెంటుది ఎక్కించలేదుగా మరి."

"ఎందుకు ఎక్కించలేదయ్యా? బుద్ధుండాలి!"

గస్ ఆయన ముఖం వైపు ఒకసారి చూసి, బల్ల మీది కాగితాలు సర్దుకోసాగాడు. లైల్ టోపీ పెట్టుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోడానికి వచ్చినవాడితో ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు?

తర్వాతి శనివారం ఆయన కిటికీ పక్క బల్ల దగ్గరికి పోలేదు. నేరుగా కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుని, కవరులోంచి ఒక కాగితం తీసి రొవీనా ముందు పెట్టాడు. స్టూడియోకి ఉత్తరం. ఏడాదికొక్కటి, జనవరిలో తప్ప రాయని మనిషి అక్టోబరులో రాశాడు. ఫలానా డిస్కు మీద 'సంపూర్ణం' అన్నది పచ్చి అబద్ధమనీ, ఆ అబద్ధానికి కారకుడు కింద సంతకం చేసినవాడేననీ, మిగిలిన తొమ్మిది నిమిషాలతో మళ్ళీ విడుదల చెయ్యాలనీ రాశాడు. ఏ ఉత్తరంలోనూ లేనంత ఘాటుగా ఉంది.

రొవీనా నిదానంగా చదివింది. "'రెస్టారెంటు బ్యాండు వాయించిన సంగీతం.' ఏం, వాళ్ళకి పేర్లు లేవా?"

లైల్ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. ఆ సినిమాకి వాయించిన పన్నెండుమంది చెల్లోవాళ్ళ పేర్లూ ఆయనకి నోటికొచ్చు. రెండో ట్యూబా వాయించినవాడి బావమరిది ఎవరో కూడా తెలుసు.

"చెప్పు" అన్నాడు, పెన్ను తీసి.

"బేస్ హెర్షెల్ ప్రూయిట్. డ్రమ్ములు డెల్మార్ ఓకస్. క్లారినెట్ ఐరా ఫెల్డ్‌స్టైన్." కాగితం మీదికి వంగింది. "పియానో వెర్నన్ టిస్‌డేల్. టిస్‌డేల్‌లో అక్షరాలు సరిగ్గా రాయి."

వరస మధ్యలో ఇరికించి నాలుగు పేర్లూ రాశాడు. ఆమె పెన్ను తీసుకుని, ఆయన సంతకం పక్కన తన సంతకం పెట్టింది.

"ఎన్నాళ్ళు పడుతుందంటావు?"

"అబద్ధమెందుకు చెప్పను? నాకు ముప్పై ఏడేళ్ళు పట్టింది."

"నా వయసు డెబ్భై ఒకటి" అంది రొవీనా. ఆయన ముందు పెట్టిన కప్పుని వెనక్కి లాగేసుకుంది. "కాఫీ తర్వాత తాగుదువుగాని. లే, ముందు ఇది పోస్టులో పడేసి రా."