నాన్నగారు కూర్చుని వాయించిన రోజు

నాన్నగారు తాడేపల్లిగూడెంలో బ్యాండుమేళంలో యుఫోనియం వాయించేవారు. గుండెకి ఆనించి పట్టుకునే పెద్ద బాకా అది. పెళ్ళి ఊరేగింపులో అందరూ పెళ్ళికొడుకుని చూస్తారు, శవం వెనకాల నడిచేవాళ్ళకి పాట ఎక్కదు. “ఒక్కసారి జనం కూర్చుని నన్ను వింటే చాలమ్మా” అనేవారు.

ఇంతలో ఆయన ముందుపళ్ళు కదిలాయి. సోమవారం తీసేయాల్సిందేనన్నాడు తణుకు డాక్టరు. పళ్ళు పోతే బాకా పోయినట్టే. నేను ఏలూరులో మా చర్చి పియానో వాయించేదాన్ని. పాస్టరుగారి ప్రాణం తీసి శనివారం సాయంత్రం అక్కడ నాన్నగారి కచేరీకి ఒప్పించాను. బాకా ఒక్కటే, తోడు నా పియానో. చివర్లో పలావు.

పియానో దొరలు వదిలేసి వెళ్ళింది. కొల్లేటి చెమ్మకి, నొక్కిన మెట్టు మళ్ళీ లేవదు. వేలితో పైకి లాగాలి.

నాన్నగారు వేదిక మీద నిలబడి కీర్తన ఎత్తుకున్నారు. రెండో చరణంలో కాలు కదిలింది. జన్మంతా నడుస్తూ వాయించిన మనిషి, నిలబడి వాయించడం ఆయనకి చేతకాదు. మెట్లు దిగి, బెంచీల మధ్యనుంచి గుమ్మం వైపు సాగిపోయారు. మా వైపు బ్యాండు కీర్తన వాయిస్తూ వెళుతుంటే లేచి వెనక నడవడం మర్యాద. ముందు బెంచీ లేచింది, దాని వెనకాలే అన్నీ లేచాయి.

ఒకాయన నా పియానో దగ్గర ఆగి, “ఏవండీ, ఎవరు పోయారండీ?” అన్నాడు.

“ఎవరూ పోలేదండీ, కూర్చోండి.”

“అందరూ వెళ్తున్నారు కదండీ” అని ఆయనా వెళ్ళాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పియానో మోసుకుని వెంటపడలేను కదా, వాయిస్తూ కూర్చున్నాను. చర్చిలో మోకాళ్ళ నొప్పులతో మా అమ్మ ఒక్కతే మిగిలింది.

ఆవరణ చుట్టి, జనంతో సహా తిరిగొచ్చిన నాన్నగారు ఖాళీ బెంచీలు చూశారు. బాకా దించేశారు. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

అమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. “ఇలా కూర్చోండి. మీరు కూర్చుంటే వాళ్ళూ కూర్చుంటారు.”

ఆయన కూర్చున్నారు. అమ్మ తన పాదం ఆయన పాదం మీద వేసి గట్టిగా తొక్కిపట్టింది. జనం కూడా సర్దుకుని కూర్చున్నారు. మళ్ళీ మొదటినుంచి వాయించారు.

పాట అయ్యేదాకా ఎవరూ లేవలేదు. అయ్యాక కూడా లేవలేదు. పలావు చల్లారిపోతోందని పాస్టరుగారే చెప్పాల్సి వచ్చింది.