నేను చెరిపేసిన వణుకు

బంగారు గనుల ఊరైన ఊరిగాంలో కాలేజీ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. మిగిలిన వేళల్లో పీహెచ్‌డీ అనే గుదిబండను మెడకు కట్టుకుని తిరుగుతుంటాను. నా పని జంట నక్షత్రాల మీద. ఒకటి ఉబ్బిపోయి తన పదార్థాన్ని పక్కదాని మీద పోస్తుంటుంది. అవి ఒకదానికొకటి అడ్డం వచ్చినప్పుడల్లా మనకు కనిపించే వెలుగు తగ్గుతుంది. ఆ పదార్థం పుచ్చుకున్న నక్షత్రం కొన్నిసార్లు గుండెలా కొట్టుకుంటుంది కూడా. నేను చూసిన జంటల్లో అలాంటిదేమీ లేదని తేల్చేసి, సోమవారం గైడ్‌కు పంపడానికి అంతా సిద్ధం చేసుకున్నాను.

ఆదివారం పొద్దున పక్కనే ఉన్న ఆండర్సన్‌పేటకు వెళ్లి మా నాయనకు ల్యాప్‌టాప్‌లో ఆ వెలుగు హెచ్చుతగ్గుల గీతలు చూపించాను. గొప్ప చెప్పుకోవడానికే, దాచడమెందుకు. గని మూతపడేదాకా భూమి లోపల పనిచేసిన మనిషి ఆయన. మొదటి జంటకు ఉపగ్రహం పంపిన గీతనూ, నేను నునుపు చేసిన గీతనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీంట్లో సన్నగా వణుకు ఉండాది. నీ గీతలో అది యాడికి పోయిందమ్మా?"

అది పరికరం చేసే గోల అనీ, నేనే తీసేశాననీ చెప్పాను. అట్లని నీకెట్లా తెలుసని అడిగాడు. నేనెప్పుడూ పరీక్షించి చూడలేదు. గనిలో రాయి పగిలినప్పుడల్లా గిన్నెలు గలగలమనే ఇళ్లలో పెరిగినవాళ్లం. నేల అదిరినా తల ఎత్తం, తినే ముద్ద తింటూనే ఉంటాం. చిన్న వణుకును పట్టించుకోకపోవడం నాకు ఒంటబట్టిన విద్య.

ఆ మాటే అంటే నాయన నవ్వలేదు. "పైన ఉండేవాళ్లు పట్టించుకోకుంటే ఏం కాదు. కింద ఉండేవాడు వినాల. వినకుంటే ఇంటికి రాడు."

అక్కడే కూర్చుని మళ్లీ లెక్క వేశాను. అరగంటకొకసారి, క్రమం తప్పకుండా, అదే వణుకు. ఉబ్బిన నక్షత్రం రెండోదాన్ని పూర్తిగా కప్పేసినంతసేపూ మాయం, బయటికి రాగానే మళ్లీ మొదలు. పరికరానికి గ్రహణం పట్టదు కదా, వణికేది ఆ నక్షత్రమే. సంతోషంతో ఒళ్లు పులకరించింది.

ఆ వెంటనే మిగతా జంటలు గుర్తొచ్చాయి. ఇదే పద్ధతిలో ఇంకో పదకొండింటిని నునుపు చేసి, వాటిలోనూ వణుకు లేదని థీసిస్‌లో రాసుకున్నాను. ఎవరికీ తెలియదు. అలాగే పంపేస్తే ఈ ఏడే డిగ్రీ చేతికొస్తుంది. గైడ్‌కు పంపాల్సిన ఆ ఫైలు మూసేశాను.

"ఇంగో ఏడాది పడతాది నాయనా" అన్నాను. ఏడుపొచ్చింది.

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, రెండో జంటను చూపించమన్నాడు.