మైకులో నర్మెట్టామె

ఎగ్జిబిషన్‌కు పోదామన్నది మా ఆయన. నేను వద్దన్నాను. దసరా వెళ్లిన మరునాడు, అందులోనూ సెలవు రోజు, భూపాలపల్లిలో జనం ఎట్లా ఉంటారో నాకు తెలుసు. పైగా మా అత్తమ్మను వెంట తీసుకుపోవాలి. ఏడాదిగా ఆమెకు మతి నిలవడం లేదు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. "నాకు ఎవ్వరు బువ్వ పెట్టలే" అని పక్కింటివాళ్లకు చెబుతుంది. వాళ్లు మా అత్తమ్మను చూసి అయ్యో అంటారు, నన్ను చూసి ఏమీ అనరు. అనకపోవడమే నాకు ఎక్కువ మండుతుంది.

"ఇంట్ల ఉండి ఉండి అవ్వకు ఇసుగొస్తది. నాలుగు లైట్లు సూస్తే జర హుషారైతది" అన్నాడు ఆయన. వరంగల్ డాక్టరు కూడా నలుగురిలో తిప్పమన్నాడట. డాక్టరుకేం, చెప్పి పంపిస్తాడు. తిప్పాల్సింది మనం.

కాటారంలో మాకు కిరాణా దుకాణం ఉంది. సరుకులు తెచ్చే ట్రాలీ ఆటోలోనే బయలుదేరాం. ముందు ఆయన పక్కన అత్తమ్మ కూర్చుంది. వెనుక బస్తాలు వేసే జాగాలో చాప పరుచుకుని నేనూ, పదేళ్ల మా బిడ్డా కూర్చున్నాం. దారి పొడుగునా బొగ్గు టిప్పర్లు. ఒక్కొక్కటి పక్క నుంచి పోతుంటే ఆటో మొత్తం వణికేది. మా బిడ్డకు మాత్రం అదీ ఒక ఆటే, ఆటో వణికినప్పుడల్లా కేకలేసి నవ్వేది.

ఎగ్జిబిషన్ మెయిన్ రోడ్డు పక్కనే ఉన్న మైదానంలో పెట్టారు. లోపలికి అడుగు పెట్టగానే అత్తమ్మ ముఖం మారిపోయింది. పళ్లెమంత అప్పడం చూసి "అవ్వో, గిదేం అప్పడమే" అని నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. మిర్చి బజ్జీ తిన్నది. మా బిడ్డ మూతికి కారం అంటితే కొంగుతో తుడిచి, దాని పేరు పెట్టి పిలిచింది. చాలా రోజుల తర్వాత అది వినబడింది. నాకు సంతోషమైంది, దాచుకోను. ఆయన నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు, నేను చెప్పలేదా అన్నట్టు.

తర్వాత జెయింట్ వీల్. చిన్నపిల్లను ఒక్కదాన్నే ఎక్కించేది లేదన్నారు, అందుకని ఆయన కూడా ఎక్కాడు. నేను, అత్తమ్మ కింద సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాం. "అమ్మా, వీడియో తియ్యి" అని మా బిడ్డ పై నుంచి అరుస్తోంది. లేచి నాలుగు అడుగులు ముందుకు వేసి, ఫోను పైకెత్తి పట్టుకున్నాను. బిడ్డ ముఖం ఒకసారి దగ్గరికి వస్తోంది, ఒకసారి ఆకాశంలోకి పోతోంది. రెండు చుట్లు తీసి ఉంటాను. వెనక్కి తిరిగితే దిమ్మె ఖాళీగా ఉంది.

మొదట భయం వేయలేదు, కోపం వచ్చింది. ఈమెకు కాలు నిలవదు కదా అనుకుంటూ బజ్జీల బండి దాకా పోయి చూశాను. గాజుల దుకాణం చూశాను. ఆకుపచ్చ చీర కట్టిన ప్రతి ముసలామె భుజమూ పట్టి తిప్పాను. ఎవరూ ఆమె కాదు. అప్పుడు రోడ్డు మీద టిప్పరు హారన్ వినబడింది. అత్తమ్మకు నడక మొదలుపెట్టడమే తెలుసు. ఎక్కడ ఆగాలో తెలియదు, ముందు నుంచి బండి వస్తే పక్కకు జరగాలనీ తెలియదు.

వీల్ కిందికి పరుగెత్తి వచ్చి రెండు చేతులూ ఊపాను. "అవ్వ లేదు! దిగుండ్రి!" అని గొంతు చించుకున్నాను. ఆయన, బిడ్డ పై నుంచి నవ్వుతూ నాకు చేతులు ఊపారు. నేను ఏడుస్తూ ఊపుతున్నాను, వాళ్లు నవ్వుతూ ఊపుతున్నారు. ఫోను చేస్తే ఆ చప్పుడులో ఆయనకు వినబడలేదు. వీల్ తిప్పేవాడిని ఆపమన్నాను. "ఒక్క నిమిషం మేడం, అయిపోవచ్చింది" అన్నాడు వాడు, నా ముఖం చూడకుండానే. ఆ ఒక్క నిమిషం ఎంతసేపు నడిచిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన దిగీ దిగగానే దిమ్మె వైపు చూశాడు, నా వైపు చూశాడు. రోడ్డు వైపు ఉరికాడు. నేను బిడ్డ చేయి గట్టిగా పట్టుకుని లోపలంతా తిరిగాను. మోటారు సైకిళ్లు గోడ మీద తిరిగే బావి వెనుక చూశాను, ఆడవాళ్ల మరుగుదొడ్ల దగ్గర తలుపు తలుపుకూ కొట్టి పిలిచాను. బిడ్డ వెక్కుతూ "నేను వీడియో తియ్యమనకపోతే బాపమ్మ పోకపోవు" అంటోంది. "నువ్వేం జేసినవ్, నడు" అన్నాను. మెల్లగా చెప్పాల్సిన మాట కసిరినట్టే వచ్చింది.

గేటు పక్కన మైకు టెంటు ఉంది. ఆయన రోడ్డు నుంచి తిరిగి వచ్చి అక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె దొరకలేదని ఆయన చెప్పనక్కర లేకపోయింది. మైకు అతను పేరు, వయసు, చీర రంగు అడిగి చదివాడు. "ఫలానా గారు, మీరు ఎక్కడ ఉన్నా మైకు టెంటు వద్దకు రాగలరు. మీ కుటుంబ సభ్యులు మీ కొరకు ఎదురుచూస్తున్నారు." ఒకసారి చదివి బావిలో మోటారు సైకిళ్ల ఆట మొదలైందని చెప్పాడు. మళ్లీ చదివాడు. మళ్లీ ఆట సంగతి చెప్పాడు. ఎంతసేపు చదివినా ఎవరూ రాలేదు. మనుషులు మా ముందు నుంచి పుల్ల ఐస్ చీకుకుంటూ పోతున్నారు. ఇంతమందిలో ఒక్కరికైనా మా అత్తమ్మ కనబడలేదా అని వాళ్లందరి మీదా నాకు పగ పుట్టింది.

"ఒక్క ముసలామెను సూస్కునుడు చాతకాలేదా నీకు?" అన్నాడు ఆయన.

"నీ అవ్వను తోలుకరమ్మని నేనన్ననా? వద్దంటే ఇన్నవా?" అన్నాను నేను.

అంతమంది ముందు అరుచుకున్నాం. బిడ్డ మా ఇద్దరి మధ్య నిలబడి చెవులు మూసుకుంది. ఆయన పెదవులు వణుకుతున్నాయి. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఏడవగా నేను చూడలేదు. ఇంకొకసారి గాజుల దుకాణాల వైపు పరుగెత్తాను.

అప్పుడు ఆ గోలలో నుంచి ఒక పిలుపు వినబడింది. "ఓ పెద్దవంగరామే! ఏంది, గట్ల ఉరుకుతున్నవ్?"

తాడు పట్టి లాగినట్టు ఆగిపోయాను. పిలిచింది మా వాడలో పాల కేంద్రం నడిపే ఆమె. పిల్లలను తీసుకుని వచ్చింది. మా దిక్కు ఆడపిల్ల అత్తగారింటికి వస్తే ఆమె పేరు పుట్టింట్లోనే ఉండిపోతుంది. ఇక్కడ ఆమెకు పుట్టిన ఊరే పేరు. నేను పెద్దవంగర నుంచి వచ్చాను కాబట్టి పెద్దవంగరామెను. బీఈడీ చదివాను, ప్రైవేటు బడిలో టీచరును, బడిలో నా పేరుకు మేడం అని తోక కూడా ఉంది. అయినా వాడలో ఎవరికీ నా పేరు అక్కర లేదు. ఆ సంగతి మీద నేను చాలాసార్లు చిర్రుబుర్రులాడాను. కానీ ఇప్పుడు ఇన్ని మైకుల మధ్య, ఇన్ని ఇంజన్ల మధ్య, ఆ ఒక్క మాటకు నా మెడ దానంతట అదే తిరిగింది.

మరి అత్తమ్మ? మైకులో చదువుతున్న ఆ పేరు నేను ఆధార్ కార్డులో చూశాను, మా పెళ్లి కార్డులో చదివాను. ఒక మనిషి నోటితో ఆమెను అట్లా పిలవగా ఎన్నడూ వినలేదు. నర్మెట్ట నుంచి కాటారం రావడమంటే ఆ కాలంలో దేశం దాటినంత పని. వచ్చిన నాటి నుంచి ఆమె నర్మెట్టామె. మామయ్య కూడా అట్లనే పిలిచేవాడు. మేము అంతసేపూ ఎవరినో పిలుస్తూ కూర్చున్నాం.

టెంటు దగ్గరికి పరుగెత్తి ఆ మాటే మైకు అతనికి చెప్పాను. "గదేం పేరమ్మా? ఊరి పేరు పెట్టి ఎట్ల పిలుస్త?" అన్నాడు. వాదించే ఓపిక లేదు. మైకు గుంజుకున్నాను.

"నర్మెట్టామే! ఓ నర్మెట్టామే! గిటు రా, మైకు కాడికి రా!"

నా గొంతు మైదానం అంతా తిరిగి నాకే వినబడింది. ఎవరూ రాలేదు. ఇంకోసారి పిలిచాను. ఎందుకు రావాలి ఆమె? ఎవరు పిలుస్తున్నారని రావాలి? కోడలు పిలిస్తే వచ్చే మనిషి కాదు, మంచిగా ఉన్న రోజుల్లోనే రాలేదు. నా నోటి నుంచి ఇంకో మాట వచ్చింది.

"నర్మెట్టామే! నర్మెట్ట నుంచి మీవోళ్లొచ్చిండ్రు. నిన్ను తీస్కపోను వచ్చిండ్రు. జల్ది రా!"

ఆయన తలెత్తి నన్ను చూశాడు. నేను చూపు తిప్పుకుని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పాను.

జనరేటరు లారీ వెనుక చీకటి వైపు నుంచి ముందు గొంతు వచ్చింది. "వస్తున్న, వస్తున్న! పోకుండ్రి! ఆగుండ్రి, నేనొస్తున్న!" తర్వాత ఆకుపచ్చ చీర కనబడింది. బస్సు ఎక్కడానికి పోయే ఆడవాళ్లలాగా కొంగు భుజాల నిండా కప్పుకుంది. త్వరగా నడవడానికి చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. ఆమె అంత వేగంగా నడవడం నేను ఎన్నడూ చూడలేదు. నేను టెంటు గుంజ పట్టుకున్నాను. దొరికింది, బతికిపోయాం అనుకున్నాను.

బిడ్డ ఉరికి పోయి నడుము చుట్టూ చేతులు వేసింది. "ఎవరి పిల్లవే, జరుగు" అని అత్తమ్మ దాన్ని మెల్లగా పక్కకు తప్పించింది. నన్ను చూసింది, నా మీద నుంచి చూపు దాటించింది. "ఏరీ? మావోళ్లేరి?" అని అడుగుతోంది. అప్పుడు ఆయన ముందుకు వచ్చాడు.

"అన్నా!" అన్నది.

అత్తమ్మ అన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయనకు మేనమామ పోలిక వచ్చిందని నర్మెట్టవాళ్లు అంటుంటారు. అత్తమ్మ కొడుకు రెండు చేతులూ పట్టుకుని నిలదీసింది. "ఇప్పుడా అన్నా వచ్చేది? ఎన్ని దినాలాయె నిన్ను సూడక! గీళ్లు మంచోళ్లు కారన్నా. నన్ను ఇంట్ల ఏసి బయట తాళమేస్తున్నరు. పిలిస్తే ఎవ్వరు పలుకరు. గోడ కాడ నిలబడి పిలుసుడే నా పని."

ఆ తాళం వేసేది ఆయనే. ఒకసారి ఆమె కాటారం బస్టాండులో దొరికింది. ఆ సాయంత్రమే ఆయన గేటుకు పెద్ద తాళం తెచ్చాడు. నేను బడికి, ఆయన దుకాణానికి పోతే ఇంట్లో ఎవరూ ఉండరు. మధ్యాహ్నం నేను వచ్చి అన్నం పెట్టే దాకా ఆమె లోపల ఒక్కతే. ఇంకేం చేయాలో మాకు తోచలేదు.

"నేను అవ్వా, నీ కొడుకును" అంటాడేమో అనుకున్నాను. ఆయన అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"తప్పయింది చెల్లే" అన్నాడు. "ఇగ ఎవ్వరు తాళమెయ్యరు. నడు, పోదాం."

"నర్మెట్టకేనా?"

"ఆఁ, నర్మెట్టకే."

ఆమె సంబరంగా ఆటో ముందు సీటులో కూర్చుంది. నర్మెట్టకు పోవాలంటే రోడ్డెక్కి వరంగల్ వైపు తిరగాలి. ఆయన కాటారం వైపు తిప్పాడు. వెనుక నుంచి నాకు ఆమె మాటలు వినబడుతూనే ఉన్నాయి. వదిన బాగున్నదా, బాపు అడిగిండా, ఇంకెంత దూరం అని అడుగుతోంది. అన్నిటికీ ఆయన ఆఁ ఆఁ అంటున్నాడు.

సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు పొద్దున ఆయన తాళంచెవి తెచ్చి నా సంచి పక్కన పెట్టాడు. "నాతోని కాదు" అని, నా జవాబు కోసం ఆగకుండా దుకాణానికి వెళ్లిపోయాడు. అత్తమ్మ వరండాలో కూర్చుని కాళ్లూపుతోంది. "మా అన్న యాడికి పోయిండు?" అని అడిగింది. "వస్తడు అత్తమ్మా, కూసో" అన్నాను. బయటకు వచ్చి గేటు వేసి, నేనే తాళం పెట్టాను.