సేటు సంచికి కట్టిన ముడుపు

మొన్న ఆదివారం మా అల్లుడు ఫోను పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. బట్టల మార్కెట్లో అతని యజమాని గోల్ఫు ఆడడానికి అతన్ని కూడా రమ్మంటున్నాడట, బంతిని దూరం కొట్టడం వచ్చింది గాని చివర గుంత దగ్గరకు వచ్చేసరికి చేయి వణుకుతోందట. "మామా, నువ్వు గా గ్రౌండ్ల పనిజేసినవంట గద, జర గిది చూడు" అని ఒక వీడియో పెట్టాడు. టోపీ పెట్టుకున్న ఒకాయన అందులో గుంతను మరిచిపోండి, ఊపిరిని గమనించండి, గెలుపు సంగతి మనసులోకి రానివ్వకండి అని చెబుతున్నాడు. కాసేపు చూసి, కళ్లు మండుతున్నాయని లేచిపోయాను. కళ్లు మండలేదు. అవన్నీ ఒకప్పుడు నేను ఒక మనిషికి చెప్పిన మాటలే.

మేము సూరత్ వచ్చిన కొత్తలో అమ్రోలిలో ఒకే గదిలో నేనూ మా తమ్ముడూ ఉండేవాళ్లం, ఇద్దరిదీ బట్ట నేసే సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని. మా నాయన ఊళ్లో భజన మండలి నడిపినవాడు, శాస్త్రం చదివి నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, అందుకే ఇక్కడ మనవాళ్లు మండలి పెట్టుకున్నప్పుడు అర్థం చెప్పే పని నాకు, పాడే పని తమ్ముడికి వచ్చాయి. నేను చెబితే జనం తల ఊపేవారు, వాడు గొంతెత్తితే కళ్లు తుడుచుకునేవారు. ఆ తేడా నాకు తెలుసు, లోపల ఎక్కడో కొంచెం గుచ్చుకునేది కూడా.

నేను పనిచేసే ఖార్ఖానా మూతపడ్డాక, ఊరి బయట ఒక గోల్ఫు మైదానంలో ఆడేవాళ్ల కర్రల సంచులు మోసే పని దొరికింది. కతర్‌గామ్‌లో వజ్రాలు సానబెట్టే ఖార్ఖానా ఉన్న ఒక సేటు సంచి నా భుజానికి వచ్చింది. ఆయన దూరం కొట్టే దెబ్బ చూడముచ్చటగా ఉండేది గాని, నున్నటి గడ్డి మీద గుంతకు రెండు మూరల దూరంలో నిలబడగానే ముఖం మారిపోయేది, చెమట పట్టేది, చిన్నపిల్లలు కూడా వేయగల బంతిని పక్కకు తోసేసేవాడు. ఒకరోజు ఉండబట్టలేక నాకు తెలిసిందే చెప్పాను. సాంచా మీద పోగు తెగితే ఇవాళ ఎన్ని మీటర్లు దిగింది అని చూడం, ముడి వేసే వేళ్లనే చూస్తాం, ముడి మన పని, బట్ట దిగడం మన చేతిలో లేదు, అలాగే దెబ్బ మీది, గుంత దేవుడిది అన్నాను. ఒక్కసారి నామం తలుచుకుని, ఊపిరి వదిలి కొట్టమన్నాను. ఆయన కూడా రోజూ పూజ చేసే మనిషే, ఆ మాట ఆయనకు పట్టుకుంది. ఎన్ని తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప ఆ ఆటలో, ఎప్పుడూ నూరు దాటే ఆయన లెక్క నాలుగైదు నెలల్లో ఎనభైల్లోకి దిగింది. నన్ను భగత్, అంటే భక్తుడు, అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ పిలుపు నాకు ఎంత రుచించిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అప్పటికే తమ్ముడికి చెవిలో ఎడతెగని హోరు మొదలైంది. సాంచాల చప్పుడులో ఇంకొన్నాళ్లు ఉంటే వినికిడి పోతుందని డాక్టరు చెప్పాడు. సేటుతో మొరపెట్టుకుంటే, ఏటా జరిగే పోటీలో ఈసారి కప్పు గెలిస్తే నీ తమ్ముణ్ణి నా ఖార్ఖానాలో కూర్చోబెడతానని మాటిచ్చాడు. అక్కడ కూర్చుని చేసే పని, సాంచాల మోత ఉండదు.

పోటీనాడు పొద్దున్నే స్నానం చేసి, మనవాళ్లు పెళ్లికీ పరీక్షకీ కోర్టుకీ చేసేదే నేనూ చేశాను. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడివేసి, తమ్ముడికి కొలువు దొరికితే మా వైపు దేవుడు రాజన్నకు గుడిలో కోడెను కడతానని మొక్కాను. ముడుపును దేవుడి పటం దగ్గర పెట్టి రావలసింది, పని జరిగే చోటే ఉంటే మంచిదని సేటు సంచి పిడికి కట్టి, పైన తువాలు కప్పాను. తమ్ముడు నవ్వాడు. "అన్నా, సేటు గుంతల గోలి ఏస్తే నాకు నౌకరి అస్తదా? గిదేం లెక్కనే! రాజన్నకు గా ఆట తెలుస్తదా అసలు?"

చివరి గుంత దాకా సేటు బాగా ఆడాడు. ఇక మిగిలింది రెండు మూరల దూరం, పడితే కప్పు ఆయనదే. చేతులు తుడుచుకోవడానికి తువాలు లాగాడు, పసుపు ముడి కనబడింది. "భగత్, యే క్యా హై?" అని అడిగాడు. అబద్ధమాడలేకపోయాను. మీ గెలుపు కోసం, మా తమ్ముడి కొలువు కోసం మొక్కు అని చెప్పాను. ఆయన ముఖంలో రంగు మారింది. బంతి దగ్గర చాలాసేపు నిలబడి, నా మాట విన్నప్పటి నుంచి గుంత వైపు చూడనివాడు ఆ రోజు నాలుగుసార్లు చూశాడు. బంతి గుంత అంచు తాకి, చుట్టూ తిరిగి, బయటే ఆగిపోయింది.

ఆయన అరవలేదు. "ఫల్ మత్ దేఖ్, తూ హీ బోల్తా థా. ఔర్ ఖుద్ భగవాన్ కో రిశ్వత్ బాంధ్ కే లాయా?" అన్నాడు. ఫలం చూడొద్దని నాకు చెప్పి నువ్వు దేవుడికే లంచం కట్టుకొచ్చావా అని. మరుసటి వారం ఆయన సంచి ఇంకొకడి భుజానికి పోయింది, తమ్ముడి కొలువు మాట మళ్లీ రాలేదు.

చాలా ఏళ్లు నన్ను నేనే తిట్టుకున్నాను. సేటు మీద కోపం రావడానికి ఎంతకాలం పట్టిందో! ఒక మనిషికి ఖార్ఖానాలో ఇంత చోటివ్వడానికి ఆయనకు కప్పు ఎందుకు? ఒకడి చెవులను రెండు మూరల గడ్డి మీద పందెం పెట్టినవాడే నాకు ధర్మం చెప్పాడు, నేను తల వంచుకుని విన్నాను. శాస్త్రం అబద్ధమని నేను అనను, ఆ మాట సత్యమే. కాకపోతే గెలిచినా ఓడినా అన్నం దొరికేవాడికి అది చెప్పినంత తేలిగ్గా, తమ్ముడి చెవి పోతున్నవాడు దాన్ని పాటించలేడు.

తమ్ముడు ఇంకో ఏడేళ్లు సాంచాల మీదే ఉన్నాడు, ఇప్పుడు వాడికి ఏమీ వినబడదు. శ్రుతి తెలియక పాడడం మానేశాడు. అయినా ప్రతి శనివారం భజనకు వస్తాడు, అందరి పెదవులు చూస్తూ ఒక దరువు వెనకగా తాళం వేస్తాడు. నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ పాత సాంచాలు ఇనుప సామానుకు పోయాయి, ఆ మైదానం చుట్టూ మేడలు లేచాయి. నేను మాత్రం ఆ రోజు తర్వాత దేవుణ్ణి ఏదీ అడగలేదు, మనవరాలు జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడి ఉన్నప్పుడు కూడా చేతులు జోడించి ఊరుకున్నాను. మండలిలో వాళ్లు దాన్ని వైరాగ్యమని గౌరవిస్తారు. అది భయం. సిగ్గు లేకుండా ఆయన్ను అది కావాలి, ఇది కావాలి అని వేధించిన ఆ రోజుల్లోనే, దేవుడు నాకు ఇంతకంటే దగ్గరగా ఉండేవాడు.