బి చీటీ తీసిన పిల్ల

నేను ఏం చదువుతున్నానో మా నాయినకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండేళ్లు సరిపోలేదు. ఫిజియోథెరపీలో పీజీ. అందులోనూ ఆటలాడేవాళ్లకు తగిలే దెబ్బలు చూడటం, అవి తగలకముందే ఒళ్లును సిద్ధం చేయడం నా చదువు. గుండ్లపోచంపల్లిలో మా ఇంటికి ఎవరొచ్చి "బిడ్డ ఏం సదువుతాంది?" అని అడిగినా ఆయన కాసేపు ఆలోచించి, "డాక్టర్ లెక్కనే, గని సూది మందు ఉండది. కాళ్లు వడుతది," అనేవాడు. వచ్చినవాళ్లు నా వైపు జాలిగా చూసేవాళ్లు. ఉన్న పొలంలో ముప్పాతిక ప్లాట్లయిపోయిన ఇంట్లో పుట్టి, కాళ్లు పట్టడం నేర్చుకోవడానికి ఇదేం కాలేజీ అన్నట్టు. నాకు ఒళ్లు మండేది.

ఇప్పుడు అనిపిస్తుంది, ఆయన అన్నట్టు కాళ్లు పట్టి ఊరుకున్నా బాగుండేదని.

పీజీ అన్నాక థీసిస్ రాయాలి. నేను కబడ్డీ ఆడే ఆడపిల్లల మోకాళ్లను ఎంచుకున్నాను. ఎగిరి కిందికి దిగేటప్పుడు మోకాలు బిర్రుగా ఉండి లోపలికి వంగితే లోపలి నరం లాంటి పట్టీ ఒకటి తెగిపోతుంది. దాన్ని లిగమెంట్ అంటారు. తెగితే దానంతటది అతకదు. మెత్తగా దిగడం, ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం పన్నెండు వారాలు నేర్పిస్తే పిల్లలు దూకే తీరు మారుతుందా లేదా అన్నది నా ప్రశ్న. మారుతుందని తేలాలంటే నేర్పించినవాళ్లు ఉండాలి, నేర్పించనివాళ్లూ ఉండాలి. ఎవరు ఎటన్నది మన ఇష్టం కాదు, చీటీలు వేయాలి. ఎ వచ్చినవాళ్లకు కొత్త వ్యాయామాలు, బి వచ్చినవాళ్లకు ఎప్పటి పరుగే.

రెండు బడుల్లో చేద్దామనుకున్నాను, మేడ్చల్లో ఒకటి, శామీర్‌పేటలో ఒకటి. మేడ్చల్ బడి సారు ముందు సరేనని, తర్వాత పదో తరగతి పరీక్షలని చెప్పి చేతులెత్తేశాడు. ఇంకో బడి కోసం తిరిగే ఓపిక నాకు లేదు. శామీర్‌పేట జట్టునే రెండుగా విడగొడతానని మా గైడ్ మేడమ్‌తో చెప్పాను.

"ఒకే గ్రౌండ్‌లో రెండు గ్రూపులు కష్టమమ్మా. ఒకళ్లను చూసి ఒకళ్లు చేస్తారు. చూసుకోగలవా?" అని అడిగింది ఆమె.

"చూసుకుంటాను మేడమ్," అన్నాను. తొందరలో ఉన్నవాడికి దారిలో గుంటలు కనబడవు.

శామీర్‌పేట బడి జట్టులో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉండేది. కూతకు పోతే ఉత్త చేతులతో తిరిగొచ్చేది కాదు. బక్కపలచని ఒళ్లు, పొడుగు కాళ్లు. ఆ ఏడు స్పోర్ట్స్ హాస్టల్ ఎంపికల్లో సీటు ఆ పిల్లదేనని వాళ్ల పీఈటీ సారు కనబడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. సీటొస్తే మూడు పూటలా తిండి, చదువు, ఆట అన్నీ వాళ్లే చూసుకుంటారు. పదో తరగతిలోకి పోతే ఇక ఆ ఎంపికలు ఉండవు. ఆమెకు ఉన్నది ఆ ఒక్క ఏడే.

చిన్నపిల్లలు కాబట్టి తల్లిదండ్రుల సంతకాలు కావాలి. వాళ్ల నాయిన చెరువులో వల వేస్తాడు, అమ్మ కరీంనగర్ రోడ్డు పక్కన కూర్చుని చేపలు అమ్ముతుంది. స్కూటీ ఆపి ఆమె ముందే గొంతుక్కూర్చుని ఒప్పుకోలు కాగితం చదివాను. "ఈ పరిశోధనలో మీ కుమార్తె యాదృచ్ఛికంగా ఏ సమూహంలోనైనా ఉండవచ్చు." మా కాలేజీలో ఒప్పుకున్న వాక్యం అదే. నాకే నోరు తిరగలేదు.

"గంటె మంచిదేనా బిడ్డ?" అంది ఆమె.

"మంచిదే చిన్నమ్మా."

"పిల్ల మోకాళ్లు వోకుంట జూస్తవా?"

"చూస్తా," అన్నాను. చేతికంటిన పొలుసులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఆమె నిదానంగా సంతకం పెట్టింది. చీటీ సంగతి మామూలు మాటల్లో మళ్లీ ఒకసారి చెప్పి ఉండాల్సింది. ఎండ దంచుతోంది, ఇంకా ఆరుగురి ఇళ్లు మిగిలి ఉన్నాయి.

మధ్యాహ్న భోజనం స్టీలు గ్లాసులో ఇరవై నాలుగు చీటీలు వేశాను. ఆ పిల్ల చీటీ విప్పి నాకు చూపించింది. బి.

"బి అంటే ఏం జెయ్యాలె అక్క?"

"నువ్వు రోజూ చేసేదే. గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టు."

"గంతేనా?" అంది. పక్కన ఎ వచ్చిన పిల్లలు అప్పటికే ఎగురుతున్నారు.

అట్లా మొదలైంది. వారానికి మూడు సాయంత్రాలు మేడ్చల్ నుంచి ఔటర్ సర్వీస్ రోడ్డు పట్టుకుని, గోదాముల లారీల దుమ్ము తింటూ శామీర్‌పేటకు పోయేదాన్ని. ఎ గ్రూపు పిల్లల్ని చిన్న చెక్కపెట్టె మీద నుంచి దూకించేదాన్ని. "చప్పుడు రావద్దు," అని నా గొంతు పోయేలా అరిచేదాన్ని. మెత్తగా దిగితే పాదాలు చప్పుడు చేయవు, మోకాలికి దెబ్బ తగలదు. బి గ్రూపు పిల్లలు చుట్టూ పరుగెత్తుతూ వెనక్కి తిరిగి తిరిగి మమ్మల్ని చూసేవాళ్లు.

మూడో వారంలో ఒకరోజు నీళ్ల ట్యాంకు వెనక ఆ పిల్ల కనబడింది. ట్యాంకు గట్టు మీద నుంచి ఒక్కతే దూకుతోంది. నేను అరిచి చెప్పినవన్నీ ఆమె ఒంట్లోకి వెళ్లిపోయాయి. మోకాళ్లు పాదాల వేళ్లకు సూటిగా వంగాయి, నేల మీద చప్పుడే లేదు. ఎ గ్రూపులో అంత చక్కగా దిగే పిల్ల ఒక్కతీ లేదు. నాకు ముందు సంతోషమైంది. ఆ వెంటనే ఆమె చీటీ గుర్తొచ్చింది. బి వాళ్లు ఇది చేస్తే నా థీసిస్ పోయినట్టే.

దగ్గరికి పిలిచాను. "నువ్వు ఇవి చేయొద్దు."

"నేనేం తప్పు జేసిన అక్క?"

"తప్పు కాదు. నీకు తర్వాత నేర్పిస్తా. ఇప్పుడొద్దు."

"తర్వాతంటే ఎప్పుడక్క?"

"పన్నెండు వారాలు అయిపోనీ."

ఆమె తలూపింది. నేర్పొద్దని ఎ వాళ్లకూ, చేయొద్దని బి వాళ్లకూ ఆ రోజే గట్టిగా చెప్పాను. ఆ రోజు నుంచి ఆ పిల్ల పరుగెత్తుతూ మా ముందుకు వచ్చినప్పుడల్లా తల గోడ వైపు తిప్పుకుని పోయేది. చూస్తే చేయబుద్ధవుతుందని కాబోలు. ఎందుకట్లా తిప్పుకుంటున్నావని నేనెప్పుడూ అడగలేదు.

నా మనసు ఊరుకోలేదు. ఆ పిల్లను ఎ గ్రూపులోకి మార్చవచ్చా అని గైడ్ మేడమ్‌ను అడిగాను.

"ఇష్టమైనవాళ్లను మార్చుకుంటూ పోతే చీటీలు ఎందుకు వేసినట్టు? అయినా అవి పనిచేస్తాయని నీకు తెలుసా? తెలిస్తే థీసిస్ ఎందుకు?" అంది. చెడ్డ మనిషి కాదు, ఆమె అన్నది నిజమే. తర్వాత కాస్త మెత్తబడి, "మరీ బాధగా ఉంటే ఆ పిల్లను స్టడీలోంచి తీసేసి నేర్పించుకో. ఉన్నదే ఇరవై నలుగురు. ఆలోచించుకో," అంది.

ఆలోచించుకోమనడమంటే మన దగ్గర వద్దని మర్యాదగా చెప్పడమే. నేనూ అట్లాగే తీసుకున్నాను. ఇంకెంత, తొమ్మిది వారాలే కదా అనుకున్నాను.

తొమ్మిదో వారం శనివారం మేడ్చల్ జట్టుతో ప్రాక్టీసు ఆట పెట్టారు. నేను ఐసు డబ్బా పట్టుకుని గీత పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల కూతకు పోయింది. ఇద్దరు చేతులు కలుపుకుని అడ్డం వస్తే వాళ్ల మీది నుంచి ఎగిరింది. ఎంత ఎత్తు ఎగిరిందంటే, చూస్తున్న పిల్లలంతా ఈల వేశారు. కుడికాలి మీద దిగింది. మోకాలు కట్టెలా బిర్రుగా ఉంది, అట్లాగే లోపలికి ఒరిగిపోయింది. పాదం నేలను తాకిన చప్పుడు నేను కూర్చున్న చోటికి వినబడింది.

పరుగెత్తిపోయి మోకాలు పట్టుకున్నాను. తొడ ఒక చేత్తో ఒడిసిపట్టి, పిక్కను రెండో చేత్తో ముందుకు లాగి చూసే పరీక్ష ఒకటుంది. లిగమెంట్ బాగుంటే ఒకచోట ఠక్కున ఆగుతుంది. ఆమెది ఆగలేదు. తాడు తెగిన బొక్కెనలా చేతిలోకి వచ్చేసింది. రెండేళ్లలో నేను బాగా నేర్చుకున్న పని ఏదైనా ఉంటే అదే, తెగిందని చేత్తో కనిపెట్టడం. అతికించడం నా చేతిలో లేదు.

"బెణికిందా మేడం?" అన్నాడు పీఈటీ సారు.

"స్కాన్ చూడాలి సార్," అన్నాను. నాకు తెలిసిపోయిందని చెప్పే ధైర్యం లేకపోయింది.

ఆ పిల్ల ఏడవలేదు. నా ముఖమే చూస్తూ, "సెలక్షన్ల వరకు తగ్గుతదా అక్క?" అని అడిగింది. నేను ఐసు అద్దుతూ కూర్చున్నాను.

సుచిత్ర సర్కిల్ దగ్గర స్కాన్ తీయించాం. పూర్తిగా తెగిందని రాసిచ్చారు. గంప పక్కామెకు అప్పగించి వాళ్లమ్మ ఆటోలో వచ్చింది. బయట బెంచీ మీద నా పక్కనే కూర్చుని, "గా ఎక్సర్‌సైజులు జేస్తే మోకాళ్లు వోవన్నవు గద బిడ్డ?" అంది. కోపంతో అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. ఆమె తెలియక అడిగింది. మీ పిల్లతో నేను చేయించలేదు చిన్నమ్మా, చేస్తుంటే వద్దని నేనే ఆపాను అని చెప్పాలి. చెప్పకుండా స్కాన్ కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాను. ఆ మాట ఆమెకు ఈనాటికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం మొదటిసారి నాయినకు నా చదువంతా విడమరిచి చెప్పాను. ఎగతాళి చేస్తాడేమో, తిట్టిపోస్తాడేమో అనుకున్నాను. చేయలేదు. మీసం సవరించుకున్నాడు.

"కొత్త ఇత్తునం అస్తే నేను గూడ రెండు సాళ్లే ఏసి సూశేటోన్ని," అన్నాడు. "మంచిగుంటేనే చేనంత ఏస్తం. గండ్ల తప్పేం లేదు. గని సాలు మనల్ని అడుగది గద బిడ్డ, తర్వాతంటే ఎప్పుడని."

నేను లేచి స్నానాల గదిలోకి పోయి, నల్లా విప్పి ఏడ్చాను.

ఎంపికలు జరిగిపోయాయి. సీటు ఇంకో బడి పిల్లకు వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్ వరుస వచ్చేసరికి చలికాలం దాటింది. ఈలోగా నా పన్నెండు వారాలు ముగిశాయి, కొలతలు తీసుకున్నాను. థీసిస్‌లో ఆ పిల్ల గురించి ఉన్నది పట్టికలో ఒకే గడి: మధ్యలో వైదొలిగినవారు, ఒకరు. ఆమె వైదొలగలేదని నాకు తెలుసు. ఆ గడిలో రాయడానికి ఇంకో మాట లేదు.

విచిత్రమేమంటే, ఎ గ్రూపు ఎంత మారిందో బి గ్రూపూ ఇంచుమించు అంతే మారింది. పరుగెత్తడం తప్ప ఏమీ చేయని పిల్లలు మెత్తగా దూకడం ఎట్లా నేర్చుకున్నారో నాకు అంతుపట్టలేదు. కొలవడంలో తప్పు చేశావేమో చూసుకోమంది గైడ్ మేడమ్. మూడుసార్లు చూశాను. తప్పు దొరకలేదు.

ఆపరేషన్ తర్వాత ఆ పిల్ల వాళ్లింటికి వెళ్లి నేనే మోకాలు వంచడం మొదలుపెట్టాను. అదొక్కటే నేను చేయగలిగింది. నొప్పి మరిచిపోతుందని ఏవో కబుర్లు చెప్పేదాన్ని. ఒకరోజు, "మీ బి గ్రూపు వాళ్లంతా ఎంత బాగా దూకారో తెలుసా? ఎట్లనో నాకైతే అర్థం కాలేదు," అన్నాను.

"ఆళ్లందరు ఇండ్లల్ల జేసిండ్రు అక్క," అంది ఆమె మామూలుగా. "ఎ గ్రూపోళ్ల దగ్గర నేర్సుకోని, ఆయితారం గూడ జేసిండ్రు. నన్ను గూడ రమ్మన్నరు. నువ్వు ఒద్దన్నవని నేనొక్కదాన్నే పోలే."

ఆమె మోకాలి మీదున్న నా చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఇరవై నలుగురిలో నా మాట విన్నది ఆమె ఒక్కతే.

గైడ్ మేడమ్‌కు చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "పరిమితులు అని చివర ఉంటుంది కదా, అక్కడ రాయి," అంది. రాశాను. బి గ్రూపులో కొందరు వ్యాయామాలు చేసి ఉండవచ్చునని. వైవాలో ఎవరూ దాని గురించి అడగలేదు. డిగ్రీ వచ్చింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే మా నాయిన, "పాసైంది," అని మాత్రం అంటాడు.

ఇప్పటికీ వారంలో రెండు రోజులు శామీర్‌పేట పోతున్నాను. నిన్న మొదటిసారి ఆమెను వాళ్లింటి ముందు మెట్టు మీద నిలబెట్టాను. జానెడు ఎత్తు మెట్టు. ఇప్పుడు దూకవచ్చు, దూకాలి కూడా. వాళ్లమ్మ గంప దించి వచ్చి గడపలో నిలబడింది.

"దుంకనా అక్క?" అంది ఆ పిల్ల. మోకాలు వంచడానికీ, ఒంటికాలి మీద నిలబడటానికీ, ప్రతిదానికీ ముందు నన్ను ఒకసారి అడుగుతుంది. ఊఁ అనే ముందు వంగి ఆమె మోకాలు మళ్లీ ఒకసారి పట్టి చూశాను. వాళ్లమ్మ ఒకసారి పిల్లను చూసి, ఒకసారి నన్ను చూసింది. నేను చెప్పేదాకా దూకదు కాబట్టి ఆ పిల్ల మెట్టు మీద అట్లాగే నిలబడి ఉంది.