సువార్తమ్మ సాలు

మిరప చేలో మా కూలి ముఠాకు ఒక కట్టుబాటు ఉండేది. పాడే మనిషి తన సాలును ఒక్కతే కొయ్యక్కర్లేదు. ఎడమ పక్క మనిషి ఒక చెయ్యి, కుడి పక్క మనిషి ఒక చెయ్యి వేసి, తమ సాళ్లతో పాటు ఆమె సాలు కూడా లాక్కుంటూ పోవాలి. పాట ఎత్తుకున్న మనిషి ఊపిరి పాటకే పోతుంది, చేతులు వెనకబడతాయి. పాట ఆగితే మాత్రం అందరి చేతులూ వెనకబడతాయి. పని గుత్తకు పట్టుకుని, వచ్చిన డబ్బు అందరం సమానంగా పంచుకునేవాళ్లం కాబట్టి దీని మీద ఎవరూ పేచీ పెట్టేవాళ్లు కారు. నేను ముఠాలో చేరేనాటికే ఆ కట్టుబాటు పాతది. ఎవరు పెట్టారని అడిగితే, "సువార్తమ్మే పెట్టించుకుని ఉంటది, గడుసుది" అని నవ్వేవాళ్లు.

సువార్తమ్మ మా వీధి మనిషి. మా అమ్మకు వరసకు అక్క, నాకు పెద్దమ్మ. మొగుడు పోయి చాలా కాలమైంది. కూతుళ్లకు పెళ్లిళ్లయి ఎవరి ఊళ్లలో వాళ్లున్నారు. మాది పర్చూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో, నల్లరేగడి మధ్య పల్లె. ముందు పత్తి తీతలు, తర్వాత మిరప కోతలు. నేను ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా కాలేజీ వేళకు వచ్చే బస్సు తీసేశారు. కొన్నాళ్లు నడిచి వెళ్లాను, తర్వాత మానేశాను. ఇంట్లో ఎవరూ మానెయ్యమనలేదు, వెళ్లమనీ అనలేదు. ఆ వారంలోనే పెద్దమ్మకు ఎడమ పక్క సాలు నాదయింది.

నేను పెద్దగా మాట్లాడను. "ఈ పిల్లకు నోరు పెట్టడం మర్చిపోయాడు దేవుడు" అనేది మా ముఠా మేస్త్రి హనుమాయమ్మ.

"మర్చిపోలా. దానిది కూడా నాకే పెట్టాడు" అనేది పెద్దమ్మ.

చేలోకి వచ్చేటప్పుడు అందరిలాగే ఆమె కూడా చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కునేది. నెత్తికి తువ్వాలు, చేతులకు వేళ్లు కత్తిరించిన సాక్సులు, తడిగుడ్డ చుట్టిన నీళ్ల సీసా. ఇవి కాక ఆమె దగ్గర ఒక బటన్ల ఫోను ఉండేది. మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసింది. దానితో ఎవరికైనా ఫోన్ చెయ్యడం నేను చూసింది తక్కువ. పొదిలిలో ఉన్న చిన్న కూతురి దగ్గరికి వెళ్లినప్పుడల్లా అక్కడి సెల్లు కొట్లో పాటలు ఎక్కించుకుని వచ్చేది. ఏం పాటలు కావాలని కొట్టతను అడిగితే "చచ్చినప్పుడు వేసేవి తప్ప అన్నీ ఎక్కించు" అనేదట. తెల్లారి ఆమె ఇంట్లో పొయ్యి కంటే ముందు ఆ ఫోను రాజుకునేది.

స్కూల్లో ఒకసారి హాబీల గురించి రాయమన్నారు. పుస్తకంలో ఉన్నట్టే స్టాంపులు పోగుచెయ్యడం అని రాశాను. మా ఇంటికి ఉత్తరమే రాదు, ఇక స్టాంపెక్కడిది. టీచరు బాగుంది అని సంతకం పెట్టారు. మా వీధిలో హాబీ అనదగ్గ పని చేసేవాళ్లు ఎవరూ లేరని అప్పట్లో అనుకునేదాన్ని. పెద్దమ్మ పాటలు అదేనేమో అని తర్వాత తోచింది గానీ, హాబీ అంటే పని అయిపోయాక చేసుకునేదని టీచరు చెప్పారు. ఆమెకు పని ఎప్పుడు అయిపోయిందని.

చిన్నప్పుడు ఆమె ఒక కామందు ఇంట్లో పశువుల పని చేసేది. వాళ్ల అరుగు మీద రేడియో ఉండేది. పేడ ఎత్తిన చోటే మళ్లీ ఎత్తుతూ అక్కడక్కడే తిరిగేదట. "ఒక్కసారైనా నా గొంతు అట్టా పెట్టెలోంచి వినపడాలని ఉండేదే. నేను ఎదురుగా కూర్చుని వినాలని" అని ఒకరోజు బువ్వ వేళ చెప్పింది. అలా చెప్పినందుకు సిగ్గుపడి, వెంటనే నా క్యారేజీలో కూర బాగాలేదని వంక పెట్టింది.

ఒకప్పుడు చర్చిలో పాటలు ఆమే ఎత్తేది, చేతిలో కంజిర పట్టుకుని. కీబోర్డు వచ్చాక, దాన్ని వాయించే ప్రభు అనే అతను చాలా మర్యాదగా, "ఆంటీ, మీరు శృతిలోకి రావట్లేదండి. వెనకాల కోరస్‌లో కలవండి" అన్నాడు. ఆమె ముందు చాప మీద నుంచి లేచి వెనక చాప మీదకు పోయింది. కోరస్‌లో కలవలేదు. ఇంటికి వచ్చేటప్పుడు "వాడి పెట్టెకు వాడి శృతి. నాకు నా చేను ఉంది" అంది.

చేలో పాటలు ఆమె కట్టుకున్నవే.

ఎర్రకోక కట్టిన చేను ఎవరి కోడలో
ఎండ మూట నెత్తినెట్టుకు ఎటు పోతదో

"ఎటు పోతదో" అని మేమందరం అందుకునేవాళ్లం. వరస అదే గానీ మాటలు రోజూ మారేవి. ముఠాలో నాజియా కొత్త గాజులు వేసుకుని వస్తే గాజులు, హనుమాయమ్మ గట్టు మీద కునుకు తీస్తే ఆ కునుకు అందులోకి వచ్చేసేవి. రైతు పంపిన మజ్జిగ పలచనైతే "బావి అత్తకు మొక్కి వచ్చిన బక్క మజ్జిగా" అని పాడితే, మర్నాడు మజ్జిగ కాస్త చిక్కనయ్యేది.

మమ్మల్ని చేలకు చేర్చే ఆటో మీరావలిది. పోయినేడాది కోతలు ముగిసే ముందు అతను బ్లూటూత్ బాక్సు ఒకటి కొన్నాడు.

"పిన్నీ, నీ పాటలు సెల్లులో పడతా. ఆటోలో పెట్టుకుంటా" అన్నాడు.

"పట్టి ఏం చేసుకుంటావురా, ఎద్దు మొహమోడా?"

"సినిమా పాటలకు చెవులు తుప్పు పట్టినయ్."

"మా పెద్దమ్మ గొంతు ఊరికే వస్తదా? ఏమిస్తావో చెప్పు ముందు" అంది నాజియా.

"టీ పోయిస్తా. అల్లం టీ."

ఆదివారం చర్చి అయ్యాక అతను ఆమె ఇంటికి వచ్చాడు. పెద్దమ్మ క్రిస్మస్ చీర మార్చకుండా కూర్చుంది. కోళ్లను గంప కింద మూయించింది, పక్కింటి వాళ్లను మోటారు ఆపమంది. స్టూలు మీద నిటారుగా కూర్చుని నోరు తెరిచింది. రాలేదు. మళ్లీ ప్రయత్నించింది, గొంతు గీరుకుపోయింది.

"వంగకపోతే రావట్లేదురా పాట" అంది.

లేచి వాకిట్లో బంతి మొక్కల మీదకు వంగి, ఆకులు గిల్లుతూ మొదలుపెట్టింది. అప్పుడు వచ్చింది. నేను ఆమె పాట వందల సార్లు విన్నాను గానీ, పక్కన నా చేతులు ఖాళీగా ఉంచుకుని విన్నది అప్పుడే. తనకు వచ్చినవన్నీ పాడింది. ఆకులన్నీ రాలి మొక్కలు మోడులయ్యాయి.

మీరావలి బాక్సులో పెట్టి వినిపించాడు. ఆమె నేల మీద, బాక్సుకు ఎదురుగా చతికిలబడింది.

"ఇది నేనేనా?"

"నువ్వు కాకపోతే నేనా?"

"నా గొంతు ఇంత బాగుంటదా" అని మా అందరి మొహాలూ చూసింది. "ఇంకోసారి పెట్టు."

అతను లేచి వెళ్లేదాకా ఇంకోసారి, ఇంకోసారి అంటూనే ఉంది.

ఈ ఏడు కోతలు మొదలైన రోజు మీరావలి ఆ బాక్సును చేలోకే తెచ్చి గట్టు మీద కర్రకు తగిలించాడు. "ఇంక నువ్వు గొంతు చించుకోబాక వదినా. పెట్టె పాడుద్ది, నువ్వు సుఖంగా కోసుకో" అంది హనుమాయమ్మ. ఆమె మంచికే అంది. పెద్దమ్మ కూడా మంచికే అనుకుంది. తన గొంతుకు తనే మాతో పాటు "ఎటు పోతదో" అని అందుకుని నవ్వుకుంది. ఈ ఏడు రైతు వేరే. ఇతను గడ్డ పెరుగు చిలికించి పంపాడు. పెట్టె మాత్రం బక్క మజ్జిగా అనే పాడింది. అతను గట్టు మీద నిలబడి విని, "అదేందమ్మా, తాగి కూడా తిడతారు?" అని నొచ్చుకున్నాడు.

పెద్దమ్మకు కుడి పక్క సాలు కొత్తగా చేరిన వెంకటేశ్వరమ్మకు వచ్చింది. పొదిలి వైపు వానల్లేక పని వెతుక్కుంటూ వచ్చిన మనిషి, చెయ్యి చురుకు. ఆమె తన సాలు తను కోసుకుంటూ ముందుకు పోయింది. పెద్దమ్మ సాలుకు ఎడమ సగం నేను లాగుతుంటే, కుడి సగం పండు పండుగానే నిలబడి ఉంది.

"ఏమ్మా, ఆ సాలు లాగాలని నీకెవరూ చెప్పలా?" అని నాజియా కేకేసింది.

"చెప్పారు. పాడే మనిషికి లాగాలన్నారు. ఈమె పాడట్లేదుగా."

"చెవులు లేవా? అదిగో పాడేది ఎవరు?"

"పెట్టె. దానికో సాలు ఇవ్వండి, లాగి పెడతా."

అందరూ నవ్వారు. నాజియా కూడా నవ్వింది. హనుమాయమ్మ మాత్రం, "ఆమె అన్నదాంట్లో తప్పేముందే. ఊపిరి పోతేగా చెయ్యి వెనకబడేది. ఎవరి సాలు వాళ్లు కోసుకోండి" అంది.

పెద్దమ్మ నడుము ఎత్తింది. "అయితే పెట్టె ఆపండి. నేనే పాడతా."

ఆపారు. ఆమె ఎత్తుకుంది. మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణంలో మిరప ఘాటు గొంతుకు అడ్డం పడింది. దగ్గు ఆపుకుని మళ్లీ ఎత్తుకుంటే గొంతు జీరబోయింది. దగ్గు ఆమెకు కొత్త కాదు. పోయినేడాది కూడా మధ్యలో ఆగి, దగ్గి, నీళ్లు తాగి, తిట్టి మళ్లీ పాడేది, మేం ఆగి ఉండేవాళ్లం. ఇప్పుడు ఎవరూ ఆగలేదు. పెట్టె దగ్గదు కదా, పొద్దుటి నుంచీ చేతులు ఆ వేగానికి అలవాటు పడిపోయాయి.

"పెట్టెలోదే బాగుంది పెద్దమ్మా" అంది వెనక సాల్లోంచి ఎవరో. ఎగతాళికి కాదు. నిజంగానే బాగుందని.

పెద్దమ్మ మళ్లీ నోరు తెరవలేదు. బాక్సు పెట్టారు.

ఆ రోజు నుంచి ఆమె సాలు వెనక పడుతూ వచ్చింది. అందరం గట్టుకు చేరి నీళ్లు తాగుతుంటే ఆమె ఇంకా చేను నడిమధ్యన ఉండేది. నేను నా సాలు పూర్తి చేసి వెళ్లి అందుకునేదాన్ని. "నువ్వు గూడా వెనకబడితే నీ సంగతి గూడా మాట్లాడాల్సొస్తది హెలెనూ" అంది హనుమాయమ్మ. గుత్త పనిలో నెమ్మదైన మనిషి అందరికీ బరువే. అంతకు ముందు కూడా ఆమె నెమ్మదే. పాట ఉన్నప్పుడు ఎవరికీ కనపడలేదు.

ఒక పొద్దున మా వీధి మొదట్లో ఆటో ఆగింది. పెద్దమ్మ చొక్కా తొడుక్కుని, క్యారేజీ పట్టుకుని ఎక్కబోయింది. హనుమాయమ్మ చెయ్యి అడ్డం పెట్టలేదు, పక్కకు జరగనూ లేదు.

"కొన్నాళ్లు ఇంటి పట్టున ఉండు వదినా. దగ్గు తగ్గనీ."

"దగ్గు ఇయ్యాల వచ్చిందా? నీ పెళ్లినాడు గూడా దగ్గుతానే పాడాను."

"అది కాదు వదినా. మిగతావాళ్లు ఒప్పుకోవట్లా."

పెద్దమ్మ లోపలికి చూసింది. అందరూ ఒళ్లోని క్యారేజీలు చూసుకుంటున్నారు. ఆటోలో ఆమె పాటే వస్తోంది. మీరావలి చటుక్కున ఆపేశాడు.

"ఎందుకురా ఆపడం, పెట్టుకో. అదైనా పోనీ పనికి" అంది.

అతను పెట్టలేదు. ఆటో కదిలింది. ఆ రోజు చేలో హనుమాయమ్మే పెట్టించింది.

సాయంత్రం మీరావలి ఆమె ఇంటికి వచ్చాడు. నేను వాకిట్లో నీళ్ల బిందె దించుతున్నాను.

"తీసెయ్యరా ఆ పాటలు" అంది పెద్దమ్మ.

అతను సెల్లు తీసి, ఆమె చూస్తుండగానే ఒక్కొక్కటీ కొట్టేశాడు.

"ఇంకెవరి దగ్గరా లేవుగా?"

మీరావలి తల గోక్కున్నాడు. "అందరికీ పంపా పిన్నీ. మన ముఠావాళ్లకీ, ఇంకొల్లు వైపు ఆటోవాళ్లకీ. వాళ్లు గూడా చేలల్లో పెడుతున్నారంట. బాగున్నాయని పంపా."

"బాగున్నాయనే పంపావు. నిన్నేమంటాం."

"ఇంకోసారి పాడు పిన్నీ, కొత్తవి. అవి ఎవరికీ ఇవ్వను."

"పోరా ఇంటికి" అంది. ఎప్పటిలా ఎద్దు మొహమోడా అనలేదు.

ఆ తర్వాత ఆమె ఇంట్లో ఫోను మోగడం నేను వినలేదు. రబ్బరు బ్యాండుతోనే గూట్లో ఉండేది. ఒకసారి తీసి చూశాను, ఛార్జింగ్ లేదు.

కోతలు అయిపోయాక నేనూ ఆమే గుంటూరు రోడ్డులో ఒక గోడౌనుకు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లాం. కూర్చుని చేసే పని. రేకుల కింద కుప్పల చుట్టూ ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడవాళ్లు ఉంటారు. ఘాటుకు కళ్లు మండుతాయి, మూతికి గుడ్డ కట్టుకోవాలి. మొదటి రోజు మా పక్కన కూర్చున్న ఆవిడ పేరు నజ్మీన్. మాటకారి. మా ఊరు ఏదని అడిగింది, చెప్పాం.

"ఆ వైపు వాళ్లు పాటలు బాగా కడతారంటగా. మా ఆటోలో రోజూ ఒకావిడ పాట వస్తది, ఎర్రకోక పాట. ఎవరో తెలుసా?"

పెద్దమ్మ తొడిమలు తుంచుతూనే ఉంది. "తెలవదు" అంది.

"పోనీ నువ్వు ఏదన్నా ఎత్తమ్మా. ఈ ఘాటులో పొద్దు పోవద్దూ?"

"నాకు రావు. నేనెప్పుడూ పాడలా" అంది పెద్దమ్మ. మూతికి కట్టుకున్న గుడ్డ కళ్ల దాకా లాక్కుని, కుప్పలోంచి ఇంకో దోసెడు కాయలు ఒళ్లోకి తీసుకుంది.